హంపమ్మ ముడుపు కట్టిన పెట్రోలు

మా జాలిదొడ్డిలో వాన కోసం మబ్బుల వంక చూడని మనిషి లేడు. తుఫాను కోసం టీవీ వంక చూసే మనిషి మాత్రం హంపమ్మ ఒక్కతే. బంగాళాఖాతంలో అల్పపీడనం అనే మాట చెవిన పడితే చాలు, చేతిలో ముద్ద పళ్ళెంలోనే వదిలేసి టీవీ ముందు చతికిలబడేది. సముద్రం ఎలా ఉంటుందో ఆమె ఎన్నడూ చూడలేదు. కోసిగి, ఆదోని, ఉరుకుంద ఈరన్న గుడి, వయసులో ఉన్నప్పుడు మిరప కోతలకని గుంటూరు దిక్కు పోయిన దారి, అంతే ఆమె తిరిగిన లోకం. అయినా తుఫాను ఏ రేవు దగ్గర తీరం దాటుతుందో ఆమెకు తెలిసి తీరాలి. ఎందుకంటే మా ఊరికి పెట్రోలు బంకు ఆమే.

బంకు అంటే పెద్దగా ఊహించుకోకండి. ఇంటి ముందు ఒక కడపరాయి అరుగు, దాని మీద లీటరు సీసాలు, అరలీటరు సీసాలు, ఒక గరాటు, అంతే. కోసిగి బంకులో పనిచేసే యేసుప్రసాద్ ఆమెకు క్యాన్లలో పట్టి ఇస్తాడు. మా ఊరి దేవేంద్రప్ప తన మోటారుసైకిలు మీద తెచ్చి పెడతాడు. బంకు ధర మీద ఐదు రూపాయలు వేసుకుని ఆమె అమ్ముతుంది. ఆమె ఇంటికి ఎదురుగా కుట్టుమిషను వేసుకుని కూర్చున్న టైలరును నేను. పేరు తిమ్మయ్య. నేను కుట్టిన జాకెట్లకు పెట్రోలు వాసన పట్టిందని ఆడవాళ్ళు నన్ను తిట్టేవాళ్ళు, నేను పోయి హంపమ్మను తిట్టేవాణ్ణి.

"ఏమక్కా, ఆ సీసాలు ఇంగొంచెం అవతలికి జరుపుకో. ఏదో ఒగ దినం నన్నూ, నా మిషన్నూ కలిపి కాలబెడ్తావు."

"ముందు నీ నోట్లో బీడీ తీసెయ్. కాలితే దానికి కాలల్ల గానీ నా సీసాలకు కాదు."

మా ఇద్దరి రచ్చ వింటూ నా భార్య మహాదేవమ్మ గడపలో కూర్చుని గుండీలు కుడుతూ నవ్వుకునేది. హంపమ్మ ఏ కూర చేసినా ముందు మా ఇంటికే ఒక గిన్నె వచ్చేది. నాకు కాదు, మహాదేవికి.

హంపమ్మ ఈ వ్యాపారంలోకి లాభం చూసి దిగలేదు. ఆమె భర్త వెంకటప్పకు పొలంలో గుండెనొప్పి వచ్చింది. ఎవరిదో బండి మీద కూర్చోబెట్టుకుని కోసిగి బయలుదేరారు. సగం దారిలో బండి ఆగిపోయింది. పెట్రోలు లేదు. చుట్టూ ఎండిన పొలాలు, ఒక మనిషి లేడు. ఆమె ఒళ్ళోనే ఆయన ప్రాణం పోయింది. దినాలు అయ్యాక ఆమె ఉరుకుందకు నడిచి పోయి ఈరన్నస్వామికి మొక్కుకుంది. అందరూ రూపాయి బిళ్ళలు పసుపు గుడ్డలో మూటగట్టి ముడుపు కడతారు. ఈమె ఐదు లీటర్ల పెట్రోలు డబ్బాకు ముడుపు కట్టింది.

"ఈ పెట్రోలుతో ఎవురిదన్నా ఒగ ప్రాణం నిలబడితే, ఆ మనిషిని ఎంటబెట్టుకొని నీ గుడికి నడిసొస్తా సామీ" అన్నది మొక్కు.

ఆ డబ్బాకు పసుపు సంచి కుట్టింది నేనే. డబ్బాకు సంచి ఏందక్కా అని అప్పుడు నవ్వాను కూడా. ఆమె నవ్వలేదు. దేవుడి గూటి కింద పెట్టి, ప్రతి సోమవారం తలంటు పోసుకున్నాక సంచి విప్పి, ఆ డబ్బా నెత్తి మీద నుంచి పసుపునీళ్ళు పోసేది. కుంకుమ పెట్టేది. ఊదుబత్తి మాత్రం గడప బయట వెలిగించేది, ఆ మాత్రం జాగ్రత్త ఉంది. ఎండాకాలంలో డబ్బా ఉబ్బుతుందని మూత కాస్త వదులు చేసి ఉంచేది. ఆవిరైపోయి పెట్రోలు తగ్గితే పైన పోసి నింపేది. కింద ఉన్నదాన్ని మాత్రం ఎన్నడూ తీయలేదు. ముడుపులో రూపాయి కలపొచ్చు గానీ తీయకూడదు కదా. ఇలా ఏళ్ళు గడిచాయి. ఎవరికి ఏ ఆపద వచ్చినా అరుగు మీద సీసాలే సరిపోయాయి. ముడుపు జోలికి పోవలసిన పని పడలేదు.

ఆ ఏడు కార్తీకంలో టీవీలో మళ్ళీ తుఫాను తెల్లని గుండ్రంగా కనిపించింది. హంపమ్మ సాయంత్రం నా మిషను దగ్గరికి వచ్చి నిలబడింది. ముఖంలో రక్తం లేదు.

"తిమ్మయ్యా, ఈసారి మామూలుగా లేదప్పా. అది మనకు పెట్రోలొచ్చే ఆయిలు ఫ్యాక్టరీ ఉండే దిక్కుకే పోతాండాది. ఉండే దుడ్లన్నీ పెట్టి పెట్రోలు తెప్పిస్తాండా. నువ్వు గూడా అక్కరకని ఒగ సీసా పెట్టుకో."

నేను వినలేదు. ఎక్కడో సముద్రం ఒడ్డున గాలివాన వస్తే మన దుమ్ములో మనకేం అవుతుందిలే అనుకున్నాను. మాకు వచ్చేది తుఫాను తోక. నాలుగు చినుకులు, రెండు రోజుల ముసురు. చల్లగా ఉంటుందని సంతోషపడే రకం మనుషులం మేం.

తుఫాను తీరం దాటింది. ఆ తరువాత రెండో రోజు కోసిగి బంకు ముందు తాడు కట్టి, స్టాకు లేదని బోర్డు వేలాడదీశారు. నేను, దేవేంద్రప్ప క్యాన్లు పట్టుకుని పోతే యేసుప్రసాద్ గుడ్డతో ఖాళీ పంపును తుడుస్తూ కూర్చున్నాడు.

"ట్యాంకర్లు రాలేదన్నా. తుఫానుకు రేవు మూసేసినారంట. చమురు ఓడలు యాడో సముద్రంలో నిలబడిండాయంట. రిఫైనరీలోకి నీళ్ళు దూరి కరెంటు పోయినాదంట. అది మన ఇంట్లో గ్యాసుపొయ్యి మాదిరి కాదంటన్నా. ఒగసారి ఆరిపోతే మళ్ళా ఎలిగించేకి శానా దినాలు పడుతుందంట. అంతలో ఇంగో రిఫైనరీ రిపేరుకు ఆపిండారంట."

"మరి ధర ఎంత పెరిగె?" అన్నాడు దేవేంద్రప్ప.

"ధరేం పెరగలేదన్నా. సూడు, బోర్డు మీద అట్లే ఉండాది. పైసా కదల్లేదు."

నిజమే, బోర్డు మీద అంకెలు కదలలేదు. కదలడానికి లోపల సరుకు ఉండాలి కదా. అసలు ధర రోడ్ల పక్కన సీసాల్లో పెరిగింది. మంత్రాలయం రోడ్డులో లీటరుకు రెండింతలు అన్నారు, మరునాటికి మూడింతలు అన్నారు. పత్తికొండ మార్కెట్లో టమోటా గంపలు లారీలు లేక అక్కడే నీళ్ళు కారుతున్నాయట. కోసిగి సంతలో అదే టమోటా కొనబోతే చేయి కాలింది. ఒకచోట కుళ్ళుతున్న పండు ఇంకొకచోట అంత పిరమెందుకో నాకు ఆ రోజే అర్థమైంది. మధ్యలో నడవాల్సిన బండి ఆగిపోతే అంతే మరి. ఆదోని నుంచి నాకు రావలసిన దారపు కండెలు కూడా రాలేదు.

హంపమ్మ కూడా ధర పెంచింది. ఐదు రూపాయలు ఇరవై అయింది, ఇరవై యాభై అయింది. నాకు ఒళ్ళు మండింది.

"ఏమక్కా, ఒగ ఊరోళ్ళం. మన మీదనే యాభై ఏస్తావా?"

"నాకు ఎక్కువకు ఇస్తే నేను ఎక్కువకు అమ్ముతాండా. ఊరికే ఇచ్చేకి నాకేమన్నా బావిలో ఊరుతాండాదా?" అని కసిరింది గానీ నా కళ్ళలోకి చూడలేదు.

చివరికి అరుగు మీద సీసాలన్నీ ఖాళీ అయ్యాయి. ఇక ఊరి కళ్ళన్నీ ఆ పసుపు సంచి మీద పడ్డాయి. కూలీలను మిరప చేలకు తోలుకుపోయే మేస్త్రీ ఉమామహేశ్వర ఒక పొద్దున నేరుగా వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. గుంటూరు దిక్కు రైతులు ఫోన్ల మీద ఫోన్లు చేస్తున్నారట. ఊళ్ళు తిరిగి కూలీలను పోగు చేయడానికి ఆయన బండిలో చుక్క లేదు.

"ఎంత దుడ్లు కావాల్నో నీ నోటితో చెప్పమ్మా. ఆ డబ్బా నాకియ్యి."

"అది నాది కాదప్పా. ఈరన్నది."

"ఈరన్నకేమన్నా బండి ఉండాదా?"

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. హంపమ్మ లేచి లోపలికి పోయి తలుపు మూసుకుంది. ఆ రోజు నుంచి ఊరు ఆమెతో సరిగా మాట్లాడలేదు. నేను కూడా ముభావంగానే ఉన్నాను. మహాదేవి ఒక్కతే ఎప్పటిలా పోయి వచ్చేది. "ఆమెను అంటారేంటికి? రేపు మీలో ఎవురికన్నా అక్కరొస్తే అప్పుడు తెలుస్తాది" అని నన్ను కూడా కసిరింది.

రోడ్డు మీద బండి చప్పుడు వినపడక ఎన్ని రోజులైందో. ముసురు ఆగడం లేదు. పగలు కూడా మాపటివేళలా మసకగా ఉండేది. నా మిషను ఆపితే ఊరంతా చెవిటిదైనట్టు అనిపించి, పని లేకపోయినా పాత గుడ్డ మీద మిషను తొక్కుతూ కూర్చునేవాణ్ణి. ఎందుకో తెలియదు, భయంగా ఉండేది.

మాకు ఎకరా పత్తి ఉంది. తడిస్తే నల్లబడి ఎవరూ కొనరు. తీసిన పత్తి చేలోనే కుప్ప పోసి పట్ట కప్పాం. ఆటోలు తిరగక, ఎద్దులబండ్లు దొరకక ఇంటికి చేరవేయలేకపోయాం. ఒక పొద్దున చినుకు పెద్దదవుతుంటే, కొంచెం కొంచెంగా నెత్తిన మోసుకొస్తానని మహాదేవి చేలోకి పోయింది. పట్ట ఎత్తి చేయి పెట్టింది. వెచ్చదనం కోసం ఆ పత్తిలోకి నాగుపాము దూరి ఉంది.

పక్క చేల ఆడవాళ్ళు ఆమెను మోసుకొచ్చారు. మణికట్టు మీద రెండు గాట్లు కనిపించాయి. అంబులెన్సుకు ఫోన్ చేస్తే, అది ఇంకొకరిని ఎక్కించుకుని ఆదోని పోయింది, వచ్చేసరికి ఆలస్యం అవుతుందన్నారు. దేవేంద్రప్ప బండి తెచ్చి ట్యాంకు మూత తీసి ఊపి చూశాడు. చప్పుడు లేదు. నేను ఎవరినీ ఏమీ అడగకముందే ఎదురింటి తలుపు తెరుచుకుంది.

హంపమ్మ డబ్బా ఎత్తుకుని వచ్చింది. పసుపు సంచి ముడి చేతులతో రాకపోతే పళ్ళతో విప్పింది. డబ్బాను కళ్ళకద్దుకుని, దేవేంద్రప్ప బండిలో గరాటు పెట్టి చివరి చుక్క దాకా వంచింది. వారం రోజులుగా ఆమెను ఆడిపోసుకున్న ఊరు ఊరంతా అక్కడే నిలబడి ఉంది. ఒకరిద్దరు చేతులు జోడించారు. ఉమామహేశ్వర తల దించుకున్నాడు.

"బిరీన పొండి. ఇది అయిపోయేది కాదు. ఆదోని దాకా పోయినా అయిపోదు" అంది నాతో. ఆమె ముఖం వెలిగిపోతోంది. ఇన్నేళ్ళుగా ఎదురుచూసిన రోజు అది. నాకూ ధైర్యం వచ్చింది. ఆ క్షణంలో నేను ఈరన్నను నమ్మినంతగా జీవితంలో దేన్నీ నమ్మలేదు.

మహాదేవిని మధ్యలో కూర్చోబెట్టుకుని వెనక నేను పట్టుకున్నాను. బండి ఒక్క కిక్కుకే అందుకుంది. చినుకులు ముఖం మీద కొడుతున్నాయి. ఆమె తల వెనక్కి వాల్చి నా మెడ మీద పెట్టింది. కనురెప్పలు బరువుగా దిగుతున్నాయి. మాట ముద్దగా వస్తోంది.

"హంపక్కకు చెప్పు. నేను గూడా నడుస్తానని. ఉరుకుందకు."

"చెప్తా. నువ్వే చెప్దువు లే. మాట్లాడకు" అన్నాను.

ఊరి బయటి వాగు దాటగానే బండి ఒక్కసారి దగ్గింది. రెండోసారి ఎగిరెగిరి పడింది. ఆగిపోయింది. దేవేంద్రప్ప కిక్కు కొట్టాడు. మళ్ళీ కొట్టాడు. బటను నొక్కాడు. మూత తీసి లోపలికి చూశాడు.

"నిండా ఉండాదన్నా! పెట్రోలు నిండా ఉండాది! మరి ఏంటికి పోదు ఇది?"

బండిని అక్కడే పడేసి ఆమెను భుజాన వేసుకుని నడిచాను. పరిగెత్తాలని చూశాను, బురదలో పడ్డాను. దేవేంద్రప్ప కొంత దూరం మోశాడు. రోడ్డు ఖాళీ. ముందూ వెనకా ఎంత దూరం చూసినా ఒక చక్రం లేదు. చాలాసేపటికి పత్తి వేసుకుపోయే ఎద్దులబండి ఒకటి వచ్చి మమ్మల్ని ఎక్కించుకుంది. కోసిగి ఆసుపత్రిలో మందు ఉంది. డాక్టరు ఉన్నాడు. మేమే సమయానికి లేకపోయాం.

మహాదేవిని మట్టి చేసిన రోజు హంపమ్మ మా వాకిలి తొక్కలేదు. తన గడపలోనే గోడకు తల ఆనించి కూర్చుంది. దినాల తరువాత తానే ఒకసారి వచ్చి, నా ముఖం చూడకుండా చెప్పింది.

"నాదే తప్పప్పా. ఆశకు పోయి ధర పెంచితి. ఈరన్న నా ముడుపు ఒల్లనన్నాడు."

అప్పటికి నాకూ వేరే సంగతి తెలియదు. ఏమో అక్కా అన్నాను.

ట్యాంకర్లు వచ్చాయి. బంకు తాడు విప్పారు. బోర్డు మీద ధర అంతే ఉంది. జనం ఏమీ జరగనట్టు నింపుకుని పోతున్నారు. దేవేంద్రప్ప బండిని ఎద్దులబండి మీద వేసుకుని కోసిగి తెచ్చాడు. నేనూ వెంట పోయాను. యేసుప్రసాద్ బండి ట్యాంకులో ఉన్నదంతా పెద్ద గాజుసీసాలోకి వంచి అరుగు మీద పెట్టాడు. కాసేపటికి అది రెండుగా విడిపోయింది. పైన పెట్రోలు, కింద మడ్డిగా నీళ్ళు.

"ఇప్పటి పెట్రోల్లో స్పిరిట్ కలుపుతారన్నా. అది నీళ్ళను పీల్చుకుంటాది. పీల్చి పీల్చి కడాకు నీళ్ళతో కలిసి అడుక్కు దిగిపోతాది. ఇంజను గుంజుకునేది అడుగునుంచే గదా. పాతకాలం పెట్రోలు ఇట్లుండేది కాదు. మూత వదులుండి నీళ్ళు తగిలితే మాత్రం ఇదే గతి. యాడ పెట్టిండిరి దీన్ని?"

దేవేంద్రప్ప నా వంక చూశాడు. ప్రతి సోమవారం డబ్బా నెత్తి మీద నుంచి జారిన పసుపునీళ్ళు, ఉబ్బుతుందని వదులు చేసిన మూత నా కళ్ళ ముందు తిరిగాయి. ఆ సీసా అడుగున నీళ్ళకు లేత పసుపురంగు ఉందేమోనని వంగి చూశాను. తెలియలేదు.

ఇంటికి వచ్చి ఎవరికీ చెప్పలేదు. హంపమ్మ మీద కోపం రాలేదని చెబితే అబద్ధం. ఎదురుగా ఆమె కదులుతుంటే చేతిలో కత్తెర గట్టిగా పట్టుకుని కూర్చున్న రోజులున్నాయి. కానీ ఆ కోపం ఆమె మీద నిలబడేది కాదు. వెంకటప్ప పోయిన రోడ్డులో ఇంకొకరు పోకూడదని ఆ పిచ్చిది ఇన్నేళ్ళు ఆ డబ్బాకు నీళ్ళు పోసింది. దేవుడికి తెలియదా ఆ మాత్రం?

ఒక మధ్యాహ్నం ఆమె కొత్త పసుపు గుడ్డ మడత పట్టుకుని నా మిషను ముందుకు వచ్చింది. చిక్కిపోయి ఉంది.

"ఇంగో సంచి కుట్టియ్యప్పా. కొత్త డబ్బా తెప్పించిండా. ఈసారి పైసా ఎక్కువ తీసుకోను. సోమారమూ, శనారమూ రెండు దినాలూ నీళ్ళు పోసి పూజ చేస్తా. ఈరన్న అప్పుడన్నా ఒప్పుకుంటాడేమో."

ఆమె ఇంట్లో టీవీ మోగుతూనే ఉంది. బంగాళాఖాతంలో మళ్ళీ ఏదో మొదలైందని చెబుతున్నారు. నేను గుడ్డ తీసుకున్నాను. కొలత కూడా వేశాను. కత్తెర పెట్టలేకపోయాను. కుట్టి ఇస్తే ఆమె మనసు నిలబడుతుంది. ఇంకొకరి ఇంట్లో ఇంకో మనిషి ప్రాణం ఆ రోడ్డు మీద పోతుంది.

"అక్కా, కూర్చో. ఈరన్న ఒల్లననలేదు. ఆ పెట్రోల్లో నీళ్ళు చేరినాయి. యేసుప్రసాద్ సీసాలో పోసి సూపిచ్చినాడు. ఇప్పటి పెట్రోలు నీళ్ళు తగిలితే పనికిరాదంట."

ఆమె కూర్చుంది.

"యా నీళ్ళు?" అంది.

ముసురు తేమ అనొచ్చు. దేవేంద్రప్ప బండి ట్యాంకుదే తప్పు అనొచ్చు. నోటిదాకా వచ్చాయి ఆ మాటలు.

"సోమారం నీళ్ళేనా తిమ్మయ్యా?"

"ఊ" అన్నాను.

ఆమె ఏడవలేదు. మహాదేవి కూర్చుని గుండీలు కుట్టే గడప మీద చెయ్యి పెట్టి మెల్లగా దిగి తన ఇంట్లోకి పోయింది. ఇక మాట్లాడదు అనుకున్నాను. కొత్త డబ్బా మోసుకుంటూ తిరిగి వచ్చి నా మిషను కింద పెట్టింది. మూత రెండు చేతులతో బిగించింది.

"ఇది నీ కాడ పెట్టుకో. నెలకొకసారి ఎవురికన్నా పోసేసి కొత్తది పట్టిచ్చు. నా ఇంట్లో ఉంటే మళ్ళా నీళ్ళు పోస్తా. నా చెయ్యి ఆగదప్పా."

పసుపు గుడ్డను మడిచి కొంగులో దోపుకుంది. వాకిలి దాటాక ఆగింది. వెనక్కి తిరగకుండానే అడిగింది.

"దావలో మహాదేవి నాకేమన్నా చెప్పమనెనా?"

బీడీ వెలిగించబోయి, మిషను కింద డబ్బా గుర్తుకొచ్చి ఆపేశాను.

"లేదక్కా. ఏం చెప్పలేదు."

ఆమె తల ఊపి లోపలికి పోయింది. కాసేపటికి టీవీ గొంతు పెద్దదైంది. ఈసారిది ఏ రేవు దిక్కు పోతుందో చెబుతున్నారు. నేను వంగి మూత ఇంకొకసారి బిగించి చూశాను.